ఐదు తర్వాత వినిపించిన మాట

వినీత దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ప్రతిధ్వనిది వేరే దారి. ఫోన్ మోగడం లేదంటే వైరు చూస్తే తెలిసిపోతుంది. మాట మధ్యలో తెగిపోతోందంటే నెట్ చూస్తే తెలుస్తుంది. కానీ తమ గొంతు తమకే తిరిగి వినిపిస్తోందని చెప్పేవాళ్ళు కాస్త సిగ్గుపడుతూ, తమ చెవుల మీద తమకే అనుమానం ఉన్నట్టు చెబుతారు. వాళ్ళకు వినీత మొదట చెప్పే మాట ఒకటే. తప్పు వినేవాళ్ళ దగ్గర ఉండదు, అవతలి చివర ఉంటుంది. అవతలివాళ్ళ స్పీకరులోంచి బయటికొచ్చిన మీ మాటను అవతలివాళ్ళ మైకే మళ్ళీ పట్టుకుని మీకు పంపిస్తుంది. వాళ్ళకు అది వినపడదు కాబట్టి తప్పు తమదని వాళ్ళకు తెలియనే తెలియదు.

ఈ విద్య ఆమెకు హైదరాబాద్‌లో అబ్బింది. ఆరేళ్ళు ఒక కాల్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోపాలు విని విని, ఇక చాలనుకుని వికారాబాద్ తిరిగొచ్చేసింది. స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం మీద ఒక గది తీసుకుని ఇంటర్నెట్ ఫోన్లు పెట్టడం, బాగుచేయడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. భుజాన సంచీ వేసుకుని స్కూటీ మీద ఒక్కతే తిరుగుతుంది. ఊళ్ళో రెండు బడులు, మూడు ఆసుపత్రులు, ఒక విత్తనాల గోదాము ఆమె పెట్టిన ఫోన్ల మీదే మాట్లాడుకుంటాయి.

డిసెంబర్ మొదటి వారంలో ధనరాజ్ సేటు బండల కంపెనీ నుంచి రెబెక్క పిలిచింది. సేటుకు తాండూరు అవతల నాపరాళ్ళ గనులు, రాళ్ళు నునుపు చేసే పాలిషింగ్ యూనిట్ ఉన్నాయి. ఆఫీసు మాత్రం వికారాబాద్‌లో. ఆర్డర్లు రాసుకోవడం, లారీలు పంపమని తాండూరుకు చెప్పడం రెబెక్క పని. రోజుకు ముప్పై నలభై సార్లు తాండూరుతో మాట్లాడుతుంది. దోమ అనే ఊరి నుంచి బస్సులో వచ్చిపోయే ఆ అమ్మాయి ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. ప్రతిధ్వని ఏ రోజు, ఎన్ని గంటలకు వచ్చిందో బల్ల మీది క్యాలెండరులో అప్పటికే రాసిపెట్టుకుంది.

"వేరే ఎవరితో మాట్లాడినా మంచిగనే ఉన్నది అక్కా. తాండూరుకు చేస్తేనే నా మాట నాకు వస్తున్నది," అంది రెబెక్క.

వినీత ఆ ఫోన్ తీసుకుని తాండూరుకు చేసింది. అవతల లాల్‌బీ ఎత్తింది. ఆమె వెనక పాలిషింగ్ మిషన్ల మోత హోరుమంటోంది. ఆ మోతలో లాల్‌బీ తనకేమీ వినిపించడం లేదని చెప్పింది. వినీతకు మాత్రం వినిపించింది. తను "హలో" అన్న ఒకటిన్నర సెకనుకు తన గొంతే, కాస్త పల్చబడి, పెద్ద బోలు గిన్నెలోంచి వచ్చినట్టు "హలో" అంది.

అది ఆమెకు నచ్చలేదు. మామూలు ప్రతిధ్వని మాట వెనకాలే అంటుకుని వస్తుంది. సెకనులో నాలుగో వంతు కూడా పట్టదు. ఒకటిన్నర సెకను అంటే మాట చాలా దూరం పోయి రావాలి. వికారాబాద్ నుంచి తాండూరుకు నెట్ పోయి వచ్చేది కనురెప్ప పాటులో. మరి మిగతా సేపు ఆ మాట ఎక్కడ ఉంటున్నట్టు?

మర్నాడు పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి తాండూరు వెళ్ళింది. ధారూర్ దాటాక రెండు పక్కలా కోతకొచ్చిన కంది చేలు, తర్వాత పట్టాల పొడుగునా పేర్చిన బండల దొంతరలు. యూనిట్‌లో చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతి బురద ఎండి పేరుకుని ఉంది. లాల్‌బీ గది లోపలి వైపు. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్ళుగా అక్కడే గుమాస్తా. కూలీల హాజరు రిజిస్టరు రాసేది ఆమే. చాయ్ తెప్పించి, వినీత తాగేదాకా పని ముట్టుకోనివ్వలేదు.

వినీత చేయాల్సినవన్నీ వరసగా చేసింది. రిసీవరు సౌండు తగ్గించింది. రిసీవరు మార్చింది. ఫోన్ మార్చింది. ప్రతిధ్వనిని మింగేసే సెట్టింగు తీసి మళ్ళీ పెట్టింది. ఒక్కొక్క మార్పుకూ వికారాబాద్‌లో ఉన్న రెబెక్కతో మాట్లాడి చూసింది. ప్రతిసారీ రెబెక్క ఒకటే చెప్పింది, వస్తూనే ఉందని. చివరికి ల్యాప్‌టాప్ తెరిచి కాల్ నడుస్తుండగానే సర్వర్‌లోకి చూస్తే అసలు సంగతి కనబడింది. రెబెక్క తాండూరుకు చేసినప్పుడల్లా రెండు ఫోన్లు ఎత్తుతున్నాయి. ఒకటి లాల్‌బీది. రెండోది 214 నంబరు, దానంతటదే ఎత్తుకునేది. దసరా తర్వాత పిడుగు పడి సర్వర్ ఆగిపోతే, ఎవరో పాత సెట్టింగులు తెచ్చి పెట్టారు. వాటితోపాటు ఈ పాత నంబరు కూడా లేచి కూర్చుంది.

214 ఎక్కడిదని అడిగితే లాల్‌బీ చాయ్ కప్పులు రెండూ తీసి కిటికీలో పెట్టింది.

"పాత గని దగ్గరిది. గట్టు మీద బాకా ఉంటది. గీడికెళ్ళి మాట్లాడితే కింద గనిల పనిచేసేటోళ్ళకు వినబడేది," అంది. "మొన్న వానాకాలంల గోడ కూలి, నీళ్ళొచ్చినయి. గప్పటిసంది మూసిపెట్టిన్రు."

ఆ గని ఆరు కిలోమీటర్లు, బషీరాబాద్ వైపు. వినీత ఆటో మాట్లాడుకుని మధ్యాహ్నం మూడింటికి అక్కడికి చేరింది. గేటు దగ్గర కాపలా ఉండే బిచ్చయ్య ఆమెతో పాటు గట్టు దాకా నడిచాడు. పొడుగాటి ముసలాయన, కర్ర పట్టుకుని ఉన్నా దాని మీద ఆనడు. గని పెద్దది. పొరలు పొరలుగా కోసిన రాతి గోడలు నిటారుగా దిగి ఆకుపచ్చ నీళ్ళలో మునిగిపోయాయి. అవతలి వైపు ఒకచోట మట్టి, బండలు కలిసి నీళ్ళలోకి జారిన గుర్తు ఉంది. ఆ నీళ్ళ మీద గాలి ఆడుతోంది గానీ చప్పుడు లేదు. పిట్టలు కూడా లేవు.

గట్టు మీద ఇనుప స్తంభం, దానికి బాకా స్పీకరు, పైన చిన్న సోలార్ పలక. బాకా మూతి గని వైపు తిరిగి ఉంది. లోపలే మైకు కూడా ఉంటుంది. వినీత తన సెల్‌ఫోన్ నుంచి 214కు చేసింది. "హలో" అంది. బాకాలోంచి ఆమె మాట నీళ్ళ మీదుగా పోయి అవతలి గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

వినీతకు నవ్వొచ్చింది. నోటితోనే లెక్క కట్టింది. మొత్తం ఒకటీ పాయింట్ నాలుగు సెకన్లు. అందులో నెట్ తినేది పాయింట్ రెండు. మిగిలింది ఒకటీ పాయింట్ రెండు. శబ్దం ఆ సేపట్లో నాలుగు వందల మీటర్లు పోతుంది, అంటే పోను రెండు వందలు, రాను రెండు వందలు. అవతలి గోడ చూస్తే సరిగ్గా అంత దూరంలోనే ఉంది. ఇన్నాళ్ళూ రెబెక్క వికారాబాద్‌లో కూర్చుని ఈ గనిలోకి కేకలు వేస్తోందన్నమాట. ఆ మాటే చెబితే బిచ్చయ్య నవ్వలేదు.

బాకా దింపేముందు పనికి ముగింపుగా ఒకసారి రికార్డు చేసి పెట్టుకోవాలనుకుంది. మైకు పరీక్షకు ఎప్పుడూ చేసేదే, ఐదు దాకా లెక్కపెట్టడం.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు."

గోడ నుంచి ఆమె గొంతు తిరిగొచ్చింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. అంతే ఎడంతో, అంతే తొందరతో.

తర్వాత అదే గొంతుతో, "ఆరు."

వినీత బిచ్చయ్య వైపు తిరిగింది. ఆయన నీళ్ళ వైపే చూస్తున్నాడు. రికార్డు మళ్ళీ పెట్టి ఇద్దరూ విన్నారు. తెర మీద గీతలు కూడా కనబడ్డాయి. పోయినవి ఐదు బుడిపెలు, వచ్చినవి ఆరు. ఆరోది మిగతావాటి కంటే చిన్నదీ కాదు, పెద్దదీ కాదు.

ఇది ముందు కూడా విన్నావా అని ఆమె అడిగింది.

"గీడ ఎవ్వరం లెక్కపెట్టం బిడ్డా," అన్నాడు బిచ్చయ్య. నిచ్చెన తెచ్చి ఇచ్చి, ఆమె బాకా విప్పుతున్నంతసేపూ కింద పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం రైల్లో ఆ బాకా ఆమె ఒళ్ళో సంచిలో ఉంది. నెట్‌లో మాట ముక్కలు ముక్కలుగా పోతుంది, ఏదో పాత ముక్క ఎక్కడో ఆగి ఆలస్యంగా వచ్చి ఉంటుందని తనకు తానే చెప్పుకుంది. అయితే అంతకుముందు తను ఆరు అన్నదెప్పుడు? గుర్తు రాలేదు. వికారాబాద్‌లో దిగి గది తాళం తీసి, బాకాను అటక మీద పాత వైర్ల పక్కన పెట్టింది. సర్వర్‌లోంచి 214ను తీసేసింది. రెబెక్కకు చేసి తాండూరుతో మాట్లాడి చూడమంది. ప్రతిధ్వని లేదు.

ధనరాజ్ సేటు సంతోషించాడు. మర్నాడు ఆఫీసులో కుర్చీ వేయించి కూర్చోబెట్టి, అంత దూరం పోయి కనిపెట్టావని మెచ్చుకున్నాడు. మాటల్లో మాటగా వినీత గని దగ్గర విన్నది కూడా చెప్పింది. సేటు వింటూ వింటూ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. అప్పటికే సర్ది ఉన్న కాగితాలనే మళ్ళీ సర్దాడు.

"నువ్వు ఫోన్లు చూడమ్మా," అన్నాడు చివరికి. "గని సంగతి నీకెందుకు."

మూడు రోజులు ఏమీ లేదు. నాలుగో రోజు పదకొండింటికి రెబెక్క పిలిచింది. గొంతు చిన్నది చేసుకుని, మళ్ళీ వచ్చిందని చెప్పింది.

వినీత అటక వైపు చూసింది. బాకా అక్కడే ఉంది. దానికి కరెంటు లేదు, వైరు లేదు. అయినా స్టూలు వేసుకుని ఎక్కి చేత్తో ముట్టుకుని చూసింది. తర్వాత స్కూటీ తీసి సేటు ఆఫీసుకు పోయింది. సర్వర్‌లో చూస్తే కాల్‌కు రెండే చివరలు. ఒకటి రెబెక్క, ఒకటి లాల్‌బీ. మూడో నంబరు ఏదీ లేదు. రిసీవరు తీసుకుని మాట్లాడితే మాత్రం మాట తిరిగొచ్చింది. అదే బోలుతనం. ఆ బోలుతనం వెనక ఏదో తడి. కొలిచి చూస్తే ఒకటీ పాయింట్ నాలుగు కాదు, ఒకటీ పాయింట్ రెండు.

ఆ వారమంతా ఆమె చేయని పని లేదు. రెండు వైపులా ఫోన్లు కొత్తవి పెట్టింది. సర్వర్ తుడిచేసి మొదటి నుంచీ రాసింది. నెట్ వేరే కంపెనీది తెప్పించి చూసింది. రెబెక్క క్యాలెండరులో రోజూ ఒక అంకె వేస్తూ వచ్చింది, వినీత చెప్పిన అంకె. ఒకటీ పాయింట్ రెండు. ఒకటి. పాయింట్ తొమ్మిది. పాయింట్ ఏడు. రాత్రుళ్ళు కూడా వినీతకు అవే అంకెలు. ఆమె వాటిని తనకు తెలియకుండానే మీటర్లలోకి మార్చుకునేది. నూట డెబ్బై. నూట ముప్పై అయిదు. నూట ఇరవై. ఎనభై అయిదు. గోడ కదలదు. గోడకూ గట్టుకూ మధ్య ఉన్నవి నీళ్ళే.

ఆ లెక్క రెబెక్కకు చెప్పలేదు. కానీ రెబెక్క ఒక మధ్యాహ్నం డబ్బా విప్పి తినకుండా కూర్చుని, తనే అడిగింది.

"అక్కా, గదేదో దగ్గరికొస్తున్నది కదా?"

రెబెక్క డబ్బా మూతపెట్టి, తాండూరుకు ఆ రోజు చేయాల్సిన కాల్స్ అన్నీ తన సెల్‌ఫోన్ నుంచి చేసింది. సెల్‌ఫోన్‌లో ప్రతిధ్వని రాలేదు. కానీ సేటు ఊరుకోలేదు. రికార్డు కాని కాల్స్ మీద లారీలు పంపడానికి వీల్లేదన్నాడు.

గురువారం నాటికి పాయింట్ నాలుగు అయింది. గట్టుకు ముప్పై అయిదు మీటర్లు. ఆ రాత్రి వినీతకు తన సొంత సూత్రమే గుర్తొచ్చింది. తప్పు వినేవాళ్ళ దగ్గర ఉండదు. రెబెక్కకు వినబడుతోంది. తనకు వినబడుతోంది. ఎంతసేపూ తను తీగలూ పెట్టెలూ మారుస్తోంది గానీ, అవతలి చివర ఉన్న మనిషిని ఒక్క మాటా అడగలేదు.

శుక్రవారం పొద్దున్నే తాండూరు పోయి లాల్‌బీ గదిలో స్టూలు మీద కూర్చుంది. ఈసారి సంచీ విప్పలేదు. లాల్‌బీ కూడా చాయ్ తెప్పించలేదు. పది గంటలకు కరెంటు పోయింది. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి మూలిగి ఆగిపోయాయి. ఇరవై రెండేళ్ళుగా మోతలోనే బతికిన ఆ గది ఒక్కసారిగా ఖాళీ అయినట్టు అనిపించింది. ఫోన్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. అది మోగింది. రెబెక్క.

వినీత స్పీకరు మీట నొక్కి, రెబెక్కను ఐదు దాకా లెక్కపెట్టమంది. రెబెక్క బడిపిల్ల అప్పజెప్పినట్టు మెల్లగా లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

ఈసారి ఎడమే లేదు. అంకె వెంటే అంకె, రెబెక్క గొంతును రెబెక్క గొంతే తొక్కుకుంటూ వచ్చింది. ఐదు రెండుసార్లు వినబడి ఆగింది.

"ఆరు."

అది ఫోన్‌లోంచి రాలేదు. గదిలోంచి వచ్చింది. రిజిస్టర్లు పెట్టే ఇనుప బీరువాకూ కిటికీకీ మధ్య, మనిషి నిలబడితే సరిపోయేంత జాగాలోంచి, రెబెక్క గొంతుతో వచ్చింది. వినీత అటు తిరిగింది. ఆ జాగాలో ఏమీ లేదు. సున్నం గోడ, దాని మీద మేకు, మేకుకు సంచీ.

లాల్‌బీ కూడా విన్నది. మొదటిసారి విన్నది. ఆమె ఆ జాగా వైపు చూడలేదు. రెండు చేతులూ బల్ల మీద బోర్లించి పెట్టి, వాటినే చూస్తూ ఉండిపోయింది.

"నేను ఐదు అన్న," అంది.

వినీత స్టూలు ఆమె దగ్గరికి జరుపుకుంది.

"గా పొద్దుగాల మల్లేశ్వర్ ఫోన్ చేసిండు బిడ్డా." మల్లేశ్వర్ పాత గని మీద మేస్త్రీ. "ఆరుగురు దిగుతున్నరు, ఒకడు కొత్తోడు, కర్ణాటక దిక్కు నుంచి పొద్దున్నే వచ్చిండు, పేరు సాయంత్రం రాయిస్త అన్నడు. నేను ఐదు పేర్లే రాసిన. మాపటికి వాన కొట్టింది, గోడ కూలింది. మల్లేశ్వర్ మళ్ళ చేసిండు. ఐదుగురు పైకొచ్చిన్రు, రిజిస్టరుల ఎందరున్నరు ఆపా అని అడిగిండు."

"నీకు ఆరుగురని తెలుసు కదా ఆపా," అంది వినీత.

"తెలుసు. ఆయనకూ తెలుసు. ఆయనకు తెలిసే అడిగిండు." అంది లాల్‌బీ. "నేను రిజిస్టరు తెరిచి చూసిన. చూసి, ఐదు అన్న. సరిపోయింది అని పెట్టేసిండు. రాసి ఉన్నదే చెప్పిన, అబద్ధం చెప్పలేదు. రోజూ నమాజుల గదే చెప్పుకుంటున్న, అబద్ధం చెప్పలేదని."

ఫోన్‌లో రెబెక్క అన్నీ వింటోంది. ఆమె ఏడుస్తున్న చప్పుడు సన్నగా వచ్చింది. ఒక్కసారే వచ్చింది. కాసేపటికి తేరుకుని, తన మాట ఇప్పుడు తిరిగి రావడం లేదని చెప్పింది.

అప్పుడే తాండూరు పోలీస్ స్టేషన్‌కు పోదామని వినీత అనలేదు. ఆ మాట లాల్‌బీయే అంది. బీరువా తీసి ఆ నెల రిజిస్టరు బయటికి తీసి, కొంగులో చుట్టుకుని లేచింది. బయట ఆటో ఎక్కాక, సేటుకు ఫోన్ చేయాలా అని ఒకసారి అడిగింది. అడిగి, వద్దులే అని తనే అనుకుంది.

పోలీసులు మొదట నమ్మలేదు. ఎవరూ ఫిర్యాదు చేయని మనిషిని, పేరు కూడా తెలియని మనిషిని ఎక్కడని వెతకాలన్నారు. లాల్‌బీ చెప్పిందే చెప్పింది, మూడు సార్లు, ఒక్క మాట మారకుండా. ప్రతిధ్వని సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. చివరికి ఒక ఎస్సై బిచ్చయ్యను పిలిపించాడు. బిచ్చయ్య కర్ర గోడకు ఆనించి, ఆ రోజు మల్లేశ్వర్‌తో పాటు తానూ గట్టు మీద ఉన్నానని, ఆరోవాణ్ణి కూలిన గోడ కింద చూశానని, కేకేస్తే కాళ్ళు విరగ్గొడతానని మల్లేశ్వర్ బెదిరించాడని చెప్పాడు. ఈ మూడు నెలలూ రోజూ ఆ గట్టు మీదే కాపలా ఉన్నాడు.

నాలుగు మోటార్లు పెట్టి నీళ్ళు తోడారు. నాలుగు రోజులు పట్టింది. మొదటి మూడు రోజులూ ఏమీ దొరకలేదు. గోడ కూలిన చోట, అవతలి వైపు, బండలు తీసి తీసి చూశారు. మనిషి అక్కడ లేడు. నాలుగో రోజు మధ్యాహ్నం నీళ్ళు అడుక్కు దిగాక, ఇవతలి గట్టు కింద, బాకా స్తంభానికి సరిగ్గా దిగువన దొరికాడు. రెండు వందల మీటర్లు ఎలా వచ్చాడని ఎస్సై అడిగాడు. నీళ్ళు తోడేటప్పుడు కొట్టుకొచ్చి ఉంటాడని పంపు మేస్త్రీ అన్నాడు. అందరూ అవునన్నారు. గట్టు మీద నిలబడి ఉన్న వినీత స్తంభం కిందికి చూసింది. నెట్ తినే పాయింట్ రెండు తప్ప ఇంకేమీ మిగలలేదంటే ఎంత దూరమో ఆమెకు తెలుసు.

మల్లేశ్వర్ బంట్వారంలో బంధువుల ఇంట్లో దొరికాడు. సేటు మీద కేసు నడుస్తోంది. ఆయన వికారాబాద్ ఆఫీసు మూతపడింది. రెబెక్క ఇప్పుడు ఒక ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఆ ఆసుపత్రి ఫోన్లు వినీత పెట్టినవే. లాల్‌బీ పేరు కూడా కేసులో ఉంది. ఆమె బెయిలు మీద బయటికొచ్చి ఇంటి దగ్గరే ఉంటోంది. చెప్పినందుకు ఆమెను తిట్టినవాళ్ళూ ఉన్నారు, మూడు నెలలు చెప్పనందుకు తిట్టినవాళ్ళూ ఉన్నారు. రెండూ న్యాయమేనని ఆమె వినీతతో అంది.

సంక్రాంతి వెళ్ళిన వారానికి, కర్ణాటకలో చించోళి అవతలి ఒక పల్లె నుంచి శరణమ్మ అనే ఆమె వచ్చింది. శవం మీది చొక్కా గుండీలు చూసి తన భర్తను గుర్తుపట్టింది. అన్నీ ఒక రంగువి కావు, తను కుట్టినవి. చనిపోయిన మనిషి పేరు మడివాళప్ప. భర్త పుణె దిక్కు పనికి పోయాడనుకుని ఆమె ఇన్నాళ్ళూ సేడం స్టేషన్‌లో వచ్చే పోయే రైళ్ళు చూస్తూ ఉందట. కాగితాల పని అయ్యాక ఎవరు చెప్పారో ఏమో, లాల్‌బీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజు వినీత కూడా అక్కడే ఉంది.

శరణమ్మ లోపలికి రాలేదు. అరుగు మీదే కూర్చుంది. లాల్‌బీ ఆమె ఎదురుగా కింద కూర్చుని తల వంచుకుంది. శరణమ్మ తిట్టలేదు, ఏడవలేదు. లాల్‌బీ ఇచ్చిన నీళ్ళు తాగింది. ఆ తర్వాత వినీత వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, సగం కన్నడంలో అడిగింది.

"ఫోన్‌ల్ల ఆయన ధ్వని వచ్చెనంట గదా. మీరు విన్నరంట."

ఎన్నో వందల మంది గొంతులు విన్న వినీతకు ఆ ఒక్క గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

"ఆయన గొంతు రాలేదమ్మా," అంది. "మా గొంతులే వచ్చినయి. నాది, ఇంకో పిల్లది."

శరణమ్మ దానికి ఆశ్చర్యపోలేదు. చేతిలోని ఖాళీ గ్లాసును కొంగుతో తుడుస్తూ, ఎవరో తెలిసిన మనిషి గురించి మాట్లాడుతున్నట్టు తల ఊపింది.

"అవును. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు," అంది. "ఏమన్న కావాలంటే తను అడుగడు, తన బదులు నన్నే అడగమనేటోడు."

సాయంత్రం వినీత ఆమెను బస్టాండుకు తీసుకుపోయి చించోళి బస్సు ఎక్కించింది. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడింది.